నేను దిద్దిన నినాదం

పాలమూరు జిల్లాలో నా రచన ముప్పై రెండు గోడల మీద ఉంది. నీలం రంగు, మూరెడు అక్షరాలు. ఇంతమంది పాఠకులు ఇక్కడ ఏ కవికీ లేరని నా నమ్మకం. జడ్చర్ల బస్టాండు నుంచి కొత్తకోట లారీల అడ్డా దాకా, బస్సు కిటికీలోంచి తల తిప్పితే చాలు, కనిపిస్తుంది:

"పరస్త్రీ పొందు ప్రాణానికి ముప్పు! ఎయిడ్స్‌ను అరికట్టండి!"

1993లో ఎయిడ్స్ ప్రచారానికి మా జిల్లాలో ఒక కమిటీ వేశారు. నేను మహబూబ్‌నగర్‌లో తెలుగు పండితుణ్ని కాబట్టి భాష దిద్దడానికి నన్ను పిలిచారు. హైదరాబాదు నుంచి వచ్చిన కాగితంలో వాక్యం ఇలా ఉంది: "రక్షణ లేని సంభోగం వల్ల ఎయిడ్స్ సోకుతుంది, అది స్త్రీతోనైనా, పురుషుడితోనైనా. ప్రతిసారీ నిరోధ్ వాడండి." కమిటీ అధ్యక్షుడు రఘుపతి గారు ఆ కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకుని నా వైపు తోశారు.

"జర సంస్కారంగ చెయ్యున్రి పంతులు గారూ. గోడ గూడ పన్నెండు ఫీట్లే."

నేను సంస్కారంగా చేశాను. మొదట "సంభోగం" కొట్టేశాను. "పురుషుడితోనైనా" దగ్గరికి వచ్చేసరికి ఎర్రసిరా కలం ఆగింది. దాన్ని ఉంచితే, ఎందుకు ఉంచావని ఎవరైనా అడగవచ్చు. అడిగినవాడు నా ముఖం వైపు చూడవచ్చు. కొట్టేశాను. అది పోయాక నిరోధ్ ఒక్కటే మిగిలి మరీ అసభ్యంగా కనిపించింది. దాన్నీ కొట్టేశాను. మిగిలినదానికి యతి కుదిర్చాను. బ్రహ్మాండంగా కుదిరింది. కమిటీలో ఉన్న డాక్టరు గారు కూడా, మిర్చి బజ్జీ చేతిలో పట్టుకునే, "క్లుప్తంగా ఉంది" అని మెచ్చుకున్నారు. క్లుప్తత నిజమే. అందులో రోగం ఎలా వస్తుందో లేదు, రాకుండా ఏం చేయాలో లేదు. యతి మాత్రం ఉంది.

జడ్చర్ల పాత బజారులో వహీద్‌కు కుట్టు దుకాణం ఉండేది. ప్రతి శనివారం బడి వదిలాక నేను బస్సెక్కి అక్కడికి వెళ్లేవాణ్ని. అలా పదకొండేళ్లు వెళ్లాను. ఆ పదకొండేళ్లలో అతను నాకు నలభై మూడు చొక్కాలు కుట్టాడు. పెళ్లి చేసుకోని బడిపంతులుకు అన్ని చొక్కాలెందుకని ఎవరూ అడగలేదు. చూడదలచుకోనిది చూడకుండా ఉండటంలో మా వైపు మనుషులు చాలా నేర్పరులు. ఆ నేర్పు నీడలోనే మేమిద్దరం బతికాం. శనివారాలు నావి. మిగిలిన ఆరు రోజులు అతనివి, వాటి గురించి నేను అడగలేదు.

అతని దుకాణం ఎదురుగానే నా నినాదం వెలిసింది. వహీద్ కత్తెర పక్కన పెట్టి, నడుము మీద చేతులు పెట్టుకుని, పైకి చదివాడు.

"పంతులూ, గీ లెక్కన జిల్లాల నా అంత పత్తిత్తు లేడు పో! పరస్త్రీని ముట్టలె. సొంత స్త్రీ లేనే లేదు. నాకు నూరేండ్లు రాసిపెట్టిన్రు."

"దాని రచయిత ఎదురుగా ఉన్నాడు" అన్నాను.

"అయితె సలాం తీస్కో. ఆడోళ్ల మీదికి తోసి మమ్మల్ని ఒడ్డుకేసినవ్."

నేను నవ్వాను. హైదరాబాదు కాగితం చదివినవాణ్ని నేను. కొట్టేసిన మాట లోకంలోంచి కూడా పోతుందని నమ్మినవాణ్ని కూడా నేనే.

రెండేళ్ల తర్వాత వానాకాలంలో వహీద్‌కు దగ్గు పట్టుకుంది. తగ్గలేదు. ఒళ్లు తగ్గింది. నేనే జడ్చర్లలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఛాతీ చూశాడు, నాలుక చూశాడు, గొంతు తగ్గించాడు.

"ఆడోళ్ల దగ్గరికి పోతవా?"

"లేదు సార్."

"డాక్టర్ తోని అబద్ధమాడొద్దు."

"అల్లా కసమ్ సార్. ఇప్పటిదాంక ఒక్క ఆడదాన్ని ముట్టలె."

డాక్టరు అతని వైపు గౌరవంగా చూశాడు. టీబీ అని రాసి గోళీలిచ్చాడు. "నీ అసొంటోనికి అది రాదు" అని ధైర్యం చెప్పి పంపాడు. వహీద్ బయటికి వచ్చి నవ్వీ నవ్వీ దగ్గాడు. ఆ గోళీల మీద ఎనిమిది నెలలు పోయాయి.

చివరికి హైదరాబాదు తీసుకెళ్లాను. అక్కడ రక్తం తీసే గదిలో గోవిందమ్మ అనే నర్సు ఉంది. యాభై ఏళ్లుంటాయి, మనిషి లావు. సూది సర్దుకుంటూ, కూరగాయల బేరంలా అడిగింది.

"ఆడోళ్లతోనా, మగోళ్లతోనా?"

వహీద్ చొక్కా చెయ్యి పైకి మడుస్తూ చెప్పాడు. "మగోళ్లతోని. నన్ను గిట్ల అడిగినోళ్లు నువ్వే ఫస్టు అమ్మా."

"అడగకుంటె ఎట్ల తెలుస్తది బిడ్డా" అంది ఆమె. ఆ తర్వాత రోగం ఎలా వస్తుందో, ఎలా రాదో, ఏం వాడాలో, ఏం వాడకూడదో మా ఇద్దరికీ చెప్పింది. మా కమిటీ మూడేళ్లుగా చెప్పలేనిది ఆమె అయిదు నిమిషాల్లో చెప్పింది. మధ్యలో ఒకసారి చాయ్ కూడా తాగింది. వెళ్లేటప్పుడు నా వైపు వేలు చూపించి, "నువ్వు గూడ చూపిచ్చుకో" అంది. చూపించుకుంటానన్నాను. చూపించుకోలేదు.

1996 మే నెలలో వహీద్ చనిపోయాడు. మట్టి ఇచ్చేటప్పుడు ఎవరో నన్ను చూసి ఈయనెవరని అడిగారు. "బట్టలు కుట్టిచ్చుకునే సారు" అని ఇంకెవరో చెప్పారు. నలభై మూడు చొక్కాల్లో ఒకటి ఒంటి మీద ఉంది. కాదనడానికి నా దగ్గర వేరే మాట లేదు.

రోగం పేరు బజారంతా తెలిసింది. నా నినాదం బజారంతా చదివింది కాబట్టి లెక్క సులువుగా తేలింది. ఎయిడ్స్ వచ్చిందంటే ఎక్కడో ఒక ఆడది ఉండాలి. వారం తిరగకుండానే కర్నూలులో ఒక ఆడదాన్ని పుట్టించారు. పదిరోజులకు ఆమెకు పచ్చరంగు ఇల్లు కట్టారు, ముక్కుకు ముక్కుపుడక పెట్టారు. బతికినంత కాలం దొరకని ఆడది, చచ్చాక వహీద్‌కు ఊరందరి పూనికతో దొరికింది.

అతని అక్క అన్వరీ బేగం నన్ను పిలిపించింది. తమ్ముణ్ని పెంచిన మనిషి. మంచం పట్టిన ఆ నెలల్లో అతని ఒళ్లు తుడిచిన మనిషి కూడా ఆమెనే.

"కర్నూల్ల ఉండెనంటున్నరు. నిజమేనా సార్?"

నేను చొక్కా బొత్తాం సవరించుకున్నాను.

"ఉండెనని చెప్పున్రి సార్. ఉంటె జర ఇజ్జత్ దక్కుతది. మొగోడు, ఎక్కన్నో కాలు జారిండనుకుంటరు. లేదంటె ఇగ ఏమనుకుంటరో..." అక్కడ ఆగి నా ముఖం చూసింది. ఆమెకు తెలుసని నాకనిపించింది. తెలిసే అడుగుతున్నదనీ అనిపించింది.

"ఉండవచ్చు" అన్నాను.

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. చాయ్ పోసింది. నేను మళ్లీ ఒక వాక్యాన్ని సంస్కారంగా దిద్దాను.

ఆ నవంబరులో కమిటీ మళ్లీ కూచుంది. డిసెంబరు ఒకటిన ర్యాలీ, అంతకుముందే పాత గోడల మీద రంగు కొత్తగా వేయించాలి, కొత్తకోట లారీల అడ్డాలో ముప్పై రెండో గోడ రాయించాలి. ఈసారి నేను హైదరాబాదు కాగితం నకలు జేబులో పెట్టుకుని వెళ్లాను.

"మగవాళ్ల మధ్య కూడా వస్తుందని, నిరోధ్ వాడమని, ఆ ఒక్క వాక్యం చేర్చాలి" అన్నాను.

రఘుపతి గారు కళ్లజోడు తీశారు. "మన జిల్లాల గసొంటోళ్లు ఎక్కడున్నరు పంతులు గారూ? అదంత బొంబైల, ఫారిన్ల. లేనోళ్లకు గోడలెందుకు?"

"ఆడపిల్లలు చదువుతారు, బాగుండదు" అన్నారు డాక్టరు గారు.

బాలికల పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు సావిత్రమ్మ గారు అప్పటిదాకా స్వెటరు అల్లుతున్నారు. తల ఎత్తకుండానే అన్నారు: "మూడేండ్ల సంది మా పిల్లలు ఏం చదువుతున్నరనుకున్నరు? రోగమంటె ఆడదని చదువుతున్నరు. అది బాగున్నదా?"

"అమ్మా, మీరు జర..." అన్నారు రఘుపతి గారు. పాత నినాదమే ఉంచాలని తీర్మానమైంది. "లేనోళ్లకు గోడలెందుకు" అన్నది మినిట్స్‌లో ఎక్కలేదు. మిగతాది ఎక్కింది.

బయట మెట్ల మీద అమరేందర్ కూచుని ఉన్నాడు. ఆ ముప్పై ఒక్క గోడలూ రాసిన పెయింటరు. జడ్చర్లలో బోర్డులు రాస్తాడు, ముప్పై ఏళ్లవాడు. వహీద్ దుకాణం బోర్డు కూడా అతను రాసిందే. శనివారం కాని రోజుల్లో అతను ఆ దుకాణానికి వచ్చేవాడని నాకు తెలుసు. నాకు తెలుసని అతనికీ తెలుసు. అందువల్ల మా మధ్య నమస్కారాలు చాలా మర్యాదగా నడిచేవి.

"ఏం రాయమన్నరు సార్?"

"పాతదే."

"అచ్ఛా. నాకు ముఖపాఠమే." బ్రష్షులు చుట్టుకుంటూ, చుట్టూ చూసి, గొంతు తగ్గించి నవ్వాడు. "మనకైతె ఫికర్ లేదు గద సార్. పరస్త్రీ లేదు, సొంత స్త్రీ లేదు. పాపం వహీద్ భాయే కర్నూల్ పోయి ఖరాబైండు."

అన్వరీ బేగం ఇంట్లో నేనన్న "ఉండవచ్చు" నా కంటే ముందే అతని దగ్గరికి చేరింది. ఇతను ఆ ఆరు రోజుల మనిషి. అతని ఒంట్లో ఇప్పటికే ఏముందో తెలియదు. లేకపోతే, రాకుండా ఉండాలంటే, ఎవరో ఒకరు చెప్పాలి. జిల్లాలో ఆ సంగతి తెలిసినవాణ్ని నేను. అతని మీద నాకు ప్రేమ లేదు. అది కూడా ఒప్పుకుంటాను. బస్టాండు దాకా కలిసి నడిచాం. చలి పెరిగిందని చెప్పుకున్నాం.

ఆ వచ్చిన ఆదివారం మధ్యాహ్నం కొత్తకోట వెళ్లాను. రోడ్డు మీదికి ఉన్న సర్కారు మూత్రశాల గోడే ముప్పై రెండో గోడ. అమరేందర్ నిచ్చెన మీద ఉన్నాడు. "పరస్త్రీ పొందు" అయింది, "ప్రా" దగ్గరున్నాడు. డ్రైవర్లు హోటల్లో అన్నాలు తింటున్నారు.

"కర్నూల్లో ఎవరూ లేరు" అన్నాను.

"ఏంది సార్?"

"వహీద్‌కు కర్నూల్లో ఏ ఆడదీ లేదు. ఎక్కడా లేదు. మగవాళ్ల వల్లే వచ్చింది. మగవాళ్ల మధ్య కూడా వస్తుంది. ఆడవాళ్లతో కంటే తొందరగా వస్తుంది."

బ్రష్షు చివర నుంచి నీలం చుక్క జారి అతని కాలి మీద పడింది. అతను దిగాడు. నేను చెప్పిన మాటను గోడ మీద వెతుకుతున్నట్టు ఒకసారి పైకి చూశాడు.

"మరి ముప్పై గోడల మీద నాతోని గిదెందుకు రాయిచ్చిన్రు?"

"కొట్టేసింది నేను. అసలు కాగితంలో ఉండింది."

అతను తిట్టలేదు. తిడితే బాగుండేది.

"నిరోధ్ వాడతావా?" అని అడిగాను.

"అది పిల్లలు పుట్టకుండ గద సార్? మాకెందుకు పుడతరు?"

ఇరవై రెండేళ్ల సర్వీసులో అంత కష్టమైన పాఠం నేను చెప్పలేదు. గోవిందమ్మ గొంతు తెచ్చుకోబోయాను, రాలేదు. డిక్టేషన్ చెప్పే గొంతే వచ్చింది. వెనక నుంచి పోవడమే అన్నిటికంటే ప్రమాదమని చెప్పాను. ఎక్కించుకునేవాడికి ఎక్కువని, ఎక్కినవాడికీ తప్పదని చెప్పాను. ప్రతిసారీ, ప్రతివాడితోనూ కొత్త నిరోధ్ వేసుకోవాలని చెప్పాను. మనిషి పుష్టిగా, నవ్వుతూ ఉన్నాడు కదా అని నమ్మవద్దని చెప్పాను.

"కొబ్బరినూనె రాస్తం సార్, మంచిగనే..."

"నూనె తగిలితే రబ్బరు చిరుగుతుంది. వాజిలీన్ కూడా వద్దు. నీళ్లతో చేసిన జెల్లీ ఉంటుంది, దవాఖానలో వాడేది. మందుల దుకాణంలో అడుగు."

"ఏమని అడగాలె సార్?"

"జెల్లీ అని అడుగు. ఎందుకని వాడు అడిగితే, నీకెందుకని అడుగు."

అతను మొదటిసారి కొంచెం నవ్వాడు. "మీరెన్నడన్న గట్ల అడిగిన్రా సార్?"

"లేదు."

"పుండ్లయితె?"

"పుండు, మంట, చీము, ఏది ఉన్నా డాక్టరు దగ్గరికి పోవాలి. అవి ఉంటే ఇదింకా సులువుగా పడుతుంది. ఒకసారి రక్తం చూపించుకోవాలి. హైదరాబాదులో చూస్తారు."

అతను బ్రష్షును గుడ్డతో తుడిచాడు.

"మీరు చూపిచ్చుకున్నరా సార్?"

అక్కడ నాకు యతీ దొరకలేదు, ప్రాసా దొరకలేదు. మర్నాడు సెలవు చీటీ రాసి ఇద్దరం ఒకే బస్సెక్కాం.

గోవిందమ్మ నన్ను గుర్తుపట్టింది. "ఇప్పుడా వచ్చేది?" అంది. అంతకంటే ఏమీ అనలేదు. వారం తర్వాత కాగితాలు ఇచ్చారు. అమరేందర్‌కు లేదు. మూడు నెలలకు మళ్లీ చూడాలి అన్నారు. నాకు ఉంది. కాగితం మీద ఒకే మాట. అందులో దిద్దడానికేమీ లేదు.

తిరుగు బస్సులో షాద్‌నగర్ దాకా అమరేందర్ తన కాగితం మడుస్తూ, విప్పుతూ కూచున్నాడు. తర్వాత అన్నాడు: "సార్, ముంగటి గోడ సర్కార్ది. ఎనుక గోడ మాది. మీరు చెప్పున్రి, నేను రాస్త."

ఎనుక గోడ అంటే ఏమిటో చెప్పాలి. కొత్తకోట మూత్రశాల వెనక ఒక గుంత, దాని నిండా సర్కారు తుమ్మ. అది దాటితే వెనక గోడ. పనిబడి వచ్చిన బాటసారి అక్కడిదాకా పోడు, ముందే ముగించుకుని పోతాడు. అక్కడికి పోయేవాళ్లు వేరే, తోడు వెతుక్కునే మాలాంటి మగవాళ్లు. వాళ్లకొక రివాజు ఉంది. ఎవరైనా వస్తే సాకు ఉండాలి కాబట్టి, ఎంతసేపైనా గోడ వైపే తిరిగి, నీళ్లు పోస్తున్నట్టే నిలబడతారు. అవసరమైతే నిజంగానే పోస్తారు. జిల్లాలో అంత శ్రద్ధగా గోడ వైపు చూసే పాఠకులు ఇంకెక్కడా ఉండరు. మా కమిటీ ఈ సంగతి ఎన్నడూ ఆలోచించలేదు.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం నేను చెప్పాను, అతను రాశాడు. తల వంచితే కనిపించేటట్టు, నడుముకు కిందుగా, బెత్తెడు అక్షరాలు.

"మగవాళ్లు మగవాళ్లతో పోయినా ఎయిడ్స్ వస్తుంది. ప్రతిసారీ నిరోధ్ వేసుకోండి. నూనె రాయకండి, చిరుగుతుంది. పుండు ఉంటే దవాఖానకు పోండి."

అయిపోయిందన్నాను. అతను నన్నడక్కుండా కింద ఇంకొక లైను రాశాడు: "సిగ్గుతోని సావకున్రి." భాష అలాగే ఉండనిచ్చాను.

జనవరిలో కమిటీ కూచుంది. ర్యాలీ ఫోటోలు చూశాం, బిస్కెట్లు తిన్నాం. లేచే ముందు రఘుపతి గారు బల్ల గుద్దారు.

"కొత్తకోటల ఎవడో గోడ ఖరాబు చేసిండు. బూతులు! మగవాళ్లు మగవాళ్లతో పోయినా అంట. ప్రతిసారీ నిరోధ్ అంట. నూనె రాయకండి, చిరుగుతుంది అంట. సిగ్గుతోని సావకున్రి అంట! ఎంత అన్యాయం చూడున్రి!"

నేను బిస్కెట్టు కింద పెట్టాను. ఒక్క అక్షరం తప్పు పోలేదు. నా విద్యార్థుల్లో పద్యం అంత శుద్ధంగా ఒప్పజెప్పినవాడు లేడు.

"ఏ గోడ సార్?" అన్నారు సావిత్రమ్మ గారు.

"లారీల అడ్డా కాడి మూత్రశాల. ఎనుక."

"ఎనుకనా? అక్కడ గుంత, తుమ్మలు గద. మొన్న ర్యాలీల చూసిన." స్వెటరు సూదులు ఆగాయి. "ముంగట అంత మంచి మూత్రశాల కట్టిచ్చి, తమరు తుమ్మలు దాటి ఎనుకకు పోయిన్రా?"

"అర్జెంటుండె" అన్నారు రఘుపతి గారు.

"అర్జెంట్ల నూనె సంగతి గూడ యాదికున్నదంటె, మీ గ్యాపకశక్తి గొప్పది సార్."

డాక్టరు గారు కిటికీలోంచి బయటికి చూశారు. చాలా అందమైన కిటికీ. రఘుపతి గారి ముఖం మీద నాకు తెలిసిన భయమొకటి కనిపించింది. ఎర్రసిరా కలం పట్టుకున్న రోజు నా ముఖం మీద ఉన్నదే అయి ఉండాలి. ఆయన్ని చూసి నవ్వబోయినవాణ్ని, నవ్వలేకపోయాను. ఆయన చదివారు కదా. అది చాలు.

గోడకు వెంటనే సున్నం కొట్టించాలని తీర్మానమైంది. ఆ పనికి ఎప్పటిలాగే అమరేందర్‌నే పెట్టారు.

ఫిబ్రవరి చివర రెండో కాగితం తీసుకుని అతను మా గదికి వచ్చాడు. మళ్లీ లేదనే వచ్చింది. కాగితం నాకు చూపించి, మడిచి, జేబులో పెట్టుకుని, బొత్తాం పెట్టుకున్నాడు. నా వైపు ఎలా చూడాలో తెలియక గోడకున్న క్యాలెండరు చూశాడు. నేను మాట మార్చాను.

"గోడకు సున్నం కొట్టావా?"

"కొట్టిన సార్. ఒక్క పూతనే. ఎండితె తెల్లగ మల్లెపువ్వులెక్కుంటది, జీపుల పోయి చూసొచ్చిన్రు గూడ. తడిస్తె మాత్రం అక్షరం అక్షరం కనపడ్తది."

"కొత్తకోటలో వానలెక్కడివి?" అన్నాను.

"వానెందుకు సార్?" అన్నాడు అమరేందర్. "అది ఏ గోడనో మరిచిపోయిన్రా?"